నలగని కాగితానికేనా విలువ?

2025 నవంబరులో అమెరికాలో జరిగిన ఒక వేలంలో 1939 నాటి సూపర్‌మ్యాన్ మొదటి సంచిక 91 లక్షల 20 వేల డాలర్లకు అమ్ముడుపోయింది. కాలిఫోర్నియాలో తల్లి చనిపోయాక ఆమె ఇల్లు సర్దుతున్న కొడుకులకు అటకమీద, పాత వార్తాపత్రికల కింద, అట్టపెట్టెలో దొరికిన ప్రతి అది. వార్త చదివినవాళ్లంతా ఆ అన్నదమ్ముల అదృష్టం గురించే మాట్లాడుకున్నారు. నా చూపు మాత్రం ధర పక్కన ఉన్న చిన్న అంకె దగ్గర ఆగిపోయింది. 9.0. పదికి తొమ్మిది. వెన్ను విరగలేదని, మూలలు అరగలేదని, పేజీలను ఎక్కువమంది తిప్పలేదని చెప్పే అంకె. సేకర్తలు దీన్ని గ్రేడు అంటారు. అదే సంచిక, అవే బొమ్మలు, అదే కథ, చిరిగి నలిగి ఉంటే ఆ ధరలో ఏ కొంచెమో వచ్చేది. అంటే కొన్నవాళ్లు కట్టిన సొమ్ములో సింహభాగం ఆ పుస్తకాన్ని పిల్లలు తనివితీరా చదవలేకపోయినందుకే.

తొలినాటి అమెరికన్ కామిక్ పుస్తకాలకు మనం విలువ కట్టే పద్ధతి తలకిందులుగా ఉందని నా వాదన. అరుదైన వస్తువుకు ధర ఉండటాన్ని నేను తప్పుపట్టడం లేదు. వీటిని చరిత్రగా మార్చింది చదివిన చేతులు. ఆ చేతుల జాడ ఎంత తక్కువగా ఉంటే అంత ఎక్కువ ధర పలకడమే నాకు మింగుడుపడదు.

అసలు ఇవి ఎందుకు అరుదయ్యాయో చూద్దాం. సూపర్‌మ్యాన్ తొలిసారి కనిపించిన యాక్షన్ కామిక్స్ మొదటి సంచిక 1938 జూన్ తేదీతో వచ్చింది. ధర 10 సెంట్లు. అచ్చువేసినవి దాదాపు 2 లక్షల ప్రతులు. ఇప్పుడు మిగిలినవి వంద దాకా ఉంటాయని సేకర్తల అంచనా. మిగతావన్నీ ఏమయ్యాయి? కొన్ని అమ్ముడుపోక తిరిగి వెళ్లి నాశనమయ్యాయి. కానీ ఎక్కువ భాగం పిల్లల చేతుల్లోనే అరిగిపోయాయి. ఒకడు చదివి పక్కింటివాడికి ఇచ్చాడు, వాడు ఇంకొకడి పుస్తకంతో మార్చుకున్నాడు, చివరికి అట్ట ఊడిపోయింది. రెండో ప్రపంచ యుద్ధంలో కాగితం సేకరించమని ప్రభుత్వం పిలుపిస్తే పిల్లలే తమ పుస్తకాల కట్టలు మోసుకెళ్లి ఇచ్చేశారు. యుద్ధం ముగిశాక పెద్దలకు వీటిమీద కోపం వచ్చింది. 1948లో వెస్ట్ వర్జీనియాలోని స్పెన్సర్‌లో, న్యూయార్క్ రాష్ట్రంలోని బింగమ్టన్‌లో బడిపిల్లల చేతనే కామిక్స్ కుప్ప పోయించి తగలబెట్టించారు. 1954లో సెనేట్ ఉపసంఘం విచారణ జరిపింది. బాలనేరాలకు ఇవే కారణమన్న వాదన ఇంటింటికీ చేరింది. అదే ఏడు ప్రచురణకర్తలు భయపడి తమకు తామే కామిక్స్ కోడ్ అనే సెన్సారు పెట్టుకున్నారు. కొడుకు సైన్యానికో కాలేజీకో వెళ్లగానే తల్లి గది ఊడ్చి పెట్టెలు బయట పారేయడం ఆ దేశంలో ప్రతి సేకర్తా చెప్పుకునే కథ.

కాగితం కూడా వాటికి పగవాడే. వార్తాపత్రికల కోసం చేసిన నాసిరకం కలపగుజ్జు కాగితం అది. అందులో మిగిలిపోయిన లిగ్నిన్ వెలుతురుకూ గాలికీ పచ్చబడుతుంది, ఆమ్లం నారను కొరుక్కుతింటుంది. తేమగా వేడిగా ఉండే గదిలో పెడితే కొన్నేళ్లకే గోధుమరంగుకు తిరిగి, అంచులు పట్టుకుంటే చిట్లిపోతాయి. పది సెంట్ల పుస్తకం వందేళ్లు బతకాలని అచ్చువేసినవాళ్లు ఎవరూ అనుకోలేదు.

అలాంటప్పుడు 9.0 అనిపించుకునే ప్రతులు ఎక్కడి నుంచి వచ్చాయి? ఇక్కడే కథ మహా ఆసక్తిగా ఉంటుంది. డెన్వర్‌లో ఎడ్గార్ చర్చ్ అని ఒక చిత్రకారుడు ఉండేవాడు. టెలిఫోన్ డైరెక్టరీలో వచ్చే ప్రకటనలకు బొమ్మలు వేయడం ఆయన ఉద్యోగం. 1930ల చివరి నుంచి 1950ల తొలి ఏళ్ల దాకా కామిక్స్ కొని ఇంట్లో పేర్చుకుంటూ పోయాడు. 1977లో ఆయన కుటుంబం ఇల్లు ఖాళీ చేస్తున్నప్పుడు చక్ రోజాన్‌స్కీ అనే యువ వ్యాపారి వాటిని కొన్నాడు. 18 వేల నుంచి 22 వేల వరకు పుస్తకాలు. కొలరాడో ఎత్తైన ప్రాంతం, గాలి పొడిగా ఉంటుంది. చీకటి గదిలో ఒకదానిమీద ఒకటి బిగుతుగా పేర్చి ఉండటంతో మధ్యకు గాలి చొరబడలేదు. పాతిక నుంచి నలభై ఏళ్ల తర్వాత తీస్తే నిన్న కొట్లో నుంచి తెచ్చినట్టు తెల్లగా ఉన్నాయి. ఈ రోజుకీ ఆ ఇంటి పుస్తకాలను రోజాన్‌స్కీ దుకాణం పేరుతో మైల్ హై ప్రతులని పిలుస్తారు, అదే సంచిక వేరే ప్రతులకన్నా కొన్ని రెట్లు పెట్టి కొంటారు.

ఇలా ఒకే చోట దొరికిన మేలైన సేకరణలను సేకర్తలు పెడిగ్రీ అంటారు. శాన్ ఫ్రాన్సిస్కో పెడిగ్రీ వెనక కథ విన్నప్పుడల్లా నాకు మనసు బరువెక్కుతుంది. కొడుకు నౌకాదళంలో యుద్ధానికి వెళ్లాడు. తిరిగొచ్చాక చదువుకుంటాడని తల్లిదండ్రులు కొత్త సంచికలు కొంటూ దాచిపెట్టారు. అతను తిరిగి రాలేదు. పుస్తకాలు అలాగే ఉండిపోయాయి. ఆ సేకరణలోని కెప్టెన్ అమెరికా మొదటి సంచిక 9.4 గ్రేడుతో 2022లో 31 లక్షల డాలర్లకు పైగా పలికింది. ఆ సేకరణలోని యుద్ధకాలపు సంచికల పేజీలు ఎందుకు అంత తెల్లగా ఉన్నాయో ఒక్కసారి ఆలోచించండి. చదవాల్సిన కుర్రవాడు లేకపోవడం వల్ల. సంత దాన్ని నాణ్యత అని పిలుస్తుంది.

ధరలకు ఒక పద్ధతి రావడం 1970లో మొదలైంది. టెనెసీకి చెందిన రాబర్ట్ ఓవర్‌స్ట్రీట్ ఆ ఏడు తొలి ధరల పుస్తకం వేశాడు. అందులో యాక్షన్ కామిక్స్ మొదటి సంచికకు, కొత్తదానిలా ఉంటే, 300 డాలర్లు. ఆ మాటే అప్పట్లో చాలామందికి విడ్డూరంగా తోచింది. అదే సంచిక 2010 ఫిబ్రవరిలో 10 లక్షల డాలర్ల గీతను తాకింది. మూడు రోజుల తర్వాత బ్యాట్‌మ్యాన్ తొలిసారి వచ్చిన డిటెక్టివ్ కామిక్స్ 27 దాన్ని కూడా దాటేసింది. 2024లో 8.5 గ్రేడున్న యాక్షన్ ప్రతికి 60 లక్షలు వచ్చాయి.

ఈ ఎగబాకడానికి ఊతమిచ్చింది 2000లో మొదలైన సీజీసీ అనే గ్రేడింగు సంస్థ. మీ పుస్తకం వాళ్లకు పంపితే నిపుణులు పేజీలు లెక్కపెట్టి, వెన్నుమీది తెల్లగీతలు చూసి, పిన్నుల తుప్పు చూసి, కాగితం రంగు చూసి, 0.5 నుంచి 10 దాకా ఏదో ఒక అంకె వేస్తారు. తర్వాత దాన్ని గట్టి ప్లాస్టిక్ పెట్టెలో బిగించేస్తారు. సేకర్తలు స్లాబ్ అనేది దీన్నే. ఇక ఆ పుస్తకం తెరుచుకోదు. తెరవాలంటే పెట్టె పగలగొట్టాలి, పగలగొడితే గ్రేడు పోతుంది. ముందు అట్ట, వెనక అట్ట తప్ప ఇంకేమీ కనబడదు. 64 పేజీల పుస్తకం రెండు పేజీల వస్తువైపోతుంది.

గ్రేడింగు అక్కరలేదని నేను అనను. ఎందుకంటే ఈ సంతలో మోసం పాతదే. 1974లో యాక్షన్ కామిక్స్ మొదటి సంచికను పెద్ద సైజులో మళ్లీ అచ్చువేశారు. పునర్ముద్రణ అని చెప్పే పై అట్టను ఊడదీస్తే లోపల అచ్చంగా 1938 నాటి అట్టే కనిపిస్తుంది. దాన్ని అసలు ప్రతిగా అంటగట్టడం ఏళ్ల తరబడి సాగింది. అసలు పుస్తకం కన్నా అది బాగా పెద్దది కాబట్టి స్కేలు పెట్టి కొలిస్తే తెలిసిపోతుంది, కానీ అసలును చూడనివాడికి కొలవాలన్న ఆలోచన ఎలా వస్తుంది? అలాగే అట్టమీద వెలిసిన చోట రంగు అద్దడం, అరిగిన అంచులను కత్తిరించి కొత్తగా చూపించడం, వేరే ప్రతి పేజీలు తెచ్చి కలపడం. ఇవన్నీ కొనేవాడి కంటికి ఆనవు. నిపుణుడు చూసి చెప్పడం మంచిదే.

అయితే ఆ వ్యవస్థ తనకు తాను పెట్టుకున్న నీతిలో ఒక పెద్ద లోపం ఉంది. చిరిగిన పేజీని పలచని జపాన్ కాగితంతో, నీటితో ఊడివచ్చే జిగురుతో అతికిస్తే గ్రంథాలయ సంరక్షకుడు మెచ్చుకుంటాడు. సంతలో మాత్రం పుస్తకానికి మరమ్మతు ముద్రో సంరక్షణ ముద్రో పడుతుంది, ధర తగ్గుతుంది. మరోవైపు వేడి, తేమ, బరువు పెట్టి మడతలను సాపు చేసే ప్రెసింగ్ అనే పని ఉంది. గ్రేడింగు సంస్థ దాన్ని మరమ్మతుగా లెక్కించదు, లేబుల్‌మీద రాయదు. మడత పోతుంది, గ్రేడు పెరుగుతుంది, ధర ఎగురుతుంది. పుస్తకాన్ని కాపాడే పనికి శిక్ష, దాన్ని చదివిన ఆనవాలును చెరిపే పనికి బహుమతి. ఇంతకన్నా బాధాకరమైనది ఇంకొకటి ఉంది. మరమ్మతు ముద్ర తప్పించుకోవడానికి ఎప్పుడో అద్దిన రంగును గీకేయించేవాళ్లు, అతికించిన ముక్కను పీకేయించేవాళ్లు ఉన్నారు. ధర కోసం పుస్తకాన్నే గాయపరచడం ఇది.

అంకె కూడా మనిషి వేసేదే. అదే పుస్తకాన్ని రెండుసార్లు పంపితే రెండు గ్రేడులు రావడం ఈ రంగంలో అందరికీ తెలిసిన సంగతి. 2023 చివర్లో ఇంకా పెద్ద గొడవే జరిగింది. పగిలిన పెట్టె మార్చి ఇచ్చే సేవను అడ్డం పెట్టుకుని, మేలైన ప్రతి లేబుల్ కింద నాసిరకం ప్రతిని దూర్చిన ఉదంతం బయటపడింది. అనుమానం ఉన్న 300లకు పైగా పుస్తకాల జాబితాను సంస్థే ప్రకటించాల్సి వచ్చింది. పెట్టె తెరవకుండా లేబుల్‌ను నమ్మడమే వ్యాపారమైనప్పుడు లేబుల్‌కు తగిలిన దెబ్బ మొత్తం నమ్మకానికే తగులుతుంది.

నా దగ్గర ఉన్నవాటిలో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది ఏ గ్రేడింగు సంస్థకూ పనికిరాదు. 1940లలో వచ్చిన వాల్ట్ డిస్నీస్ కామిక్స్ అండ్ స్టోరీస్ సంచిక. వెన్ను పొడవునా చీలి, కింది పిన్ను దగ్గర అట్ట పూర్తిగా ఊడింది. మధ్య పేజీ ఒక్క పిన్నుకే వేలాడుతోంది. అట్టమీద పైన పెన్సిలుతో ఒక తేదీ ఉంది. కొట్టువాడు సరుకు వచ్చిన రోజు గుర్తుకు వేసుకున్నది. దాని కింద, వంకరటింకర అక్షరాల్లో, ఇంకో చేతి రాత. పిల్లవాడి పేరు. ఇంటిపేరులో ఒక అక్షరం కొట్టేసి సరిదిద్దుకున్నాడు. వెనక పేజీల్లో కూపన్ ఉండాల్సిన చోట కన్నం ఉంది, కత్తెర రెండుచోట్ల పక్కకు జారినట్టు అంచు మెట్లుమెట్లుగా ఉంది. కూపన్ పోవడం వల్ల కన్నం అవతలి కథలో ఒక బొమ్మకు తల లేదు. ఆ బొమ్మలో ఎవరున్నారో ఊహించుకుంటూ ఆ పిల్లవాడు ఆ పేజీని ఎన్నిసార్లు చదివి ఉంటాడో.

కూపన్ కత్తిరించిన ప్రతిని గ్రేడింగు భాషలో అసంపూర్ణం అంటారు. నాకు అది పుస్తకం తన పని పూర్తిచేసిందనడానికి గుర్తు. కూపన్ వేసిందే కత్తిరించమని. ఒక కుర్రవాడు అది నింపి, కవరులో పెట్టి, నాణేలు జతచేసి ఎక్కడికో పంపాడు, గుమ్మంలో కూర్చుని రోజులు లెక్కపెట్టాడు. 1940ల అమెరికాలో పిల్లల చేతిలో ఎంత డబ్బు ఉండేది, వాళ్లు దేనికి ఆశపడేవారు, ఎవరు వాళ్లకు ఏమి అమ్మజూపేవారు అన్నది తెలుసుకోవాలంటే కత్తెర నడిచిన పేజీలనే చూడాలి.

ఇలాంటి ప్రతి చేతిలో ఉంటేనే మరో సంగతి కంటపడుతుంది. ఆ రోజుల కామిక్ దాదాపు ప్రతిదానిలో ఎక్కడో రెండు పేజీల కథ బొమ్మలు లేకుండా ఉంటుంది. తపాలా శాఖ తక్కువ రేటుకు పత్రికగా ఒప్పుకోవాలంటే కొంత వచనం ఉండాలన్న నిబంధన వల్ల వచ్చినవి అవి. పిల్లలు వాటిని దాటేసేవారని అంటారు. నా ప్రతిలో ఆ రెండు పేజీలు మిగతావాటికన్నా తెల్లగా, అంచులు నిటారుగా ఉన్నాయి. పెట్టెలో బిగించిన ప్రతిలో ఈ తేడా ఎప్పటికీ ఎవరికీ కనబడదు.

మనిషి ఆనవాలుకు విలువ ఉందని సంతకూ తెలియకపోలేదు. మార్వెల్ కామిక్స్ మొదటి సంచిక, 1939 నాటిది, ఒక ప్రత్యేకమైన ప్రతి ఉంది. దానిలోని కథలు తయారుచేయించిన సంస్థ అధిపతి ఏ కళాకారుడికి ఎంత ఇవ్వాలో ఆ పేజీలమీదే చేత్తో రాసుకున్నాడు. మామూలుగా లోపలి పేజీలమీద రాత గ్రేడును దించుతుంది. ఈ ప్రతి 2022లో 24 లక్షల డాలర్లకు పైగా పోయింది. ఆ రాతలే దాన్ని ఆ ధరకు తీసుకెళ్లాయి. యజమాని జమాఖర్చులు చరిత్ర అయినప్పుడు పాఠకుడి పెన్సిలు రాత మరక ఎలా అవుతుంది?

కళాకారుల మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి చెప్పాలి. జెర్రీ సీగెల్, జో షుస్టర్ క్లీవ్‌లాండ్ కుర్రవాళ్లు. సూపర్‌మ్యాన్ హక్కులన్నీ 130 డాలర్లకు రాసిచ్చేశారు. ఆ సొమ్ము ముట్టిన చెక్కు 2012లో వేలానికి వచ్చి లక్షా 60 వేలు పలికింది. వాళ్ల హక్కుల కన్నా వాళ్ల చెక్కుకే ఎక్కువ వచ్చింది. తోటి చిత్రకారులు గొడవచేశాక 1975లో కంపెనీ ఇద్దరికీ ఏడాదికి 20 వేల డాలర్ల పింఛను ఇచ్చి, వాళ్ల పేర్లు మళ్లీ వేసింది. బ్యాట్‌మ్యాన్‌కు రూపమిచ్చినవాళ్లలో ఒకడైన బిల్ ఫింగర్‌కు అధికారికంగా పేరు దక్కింది 2015లో. అప్పటికి ఆయన పోయి 41 ఏళ్లు. సంచికకు లక్షలు పోసేవాళ్లు లోపలి పేజీ తెరిచి ఎవరు వేశారో చూడాలని నేను కోరుకోవడంలో తప్పేముంది?

నలగకుండా దాచడమే విలువ అనే నమ్మకం ఎక్కడికి దారితీస్తుందో 1990లు చూపించాయి. 1991లో ఎక్స్-మెన్ మొదటి సంచిక 81 లక్షల ప్రతులు అమ్ముడయ్యాయి. 1992లో సూపర్‌మ్యాన్ చనిపోయే సంచికను నల్ల సంచిలో సీలువేసి అమ్మారు. చదవడానికి ఒకటి, సీలు విప్పకుండా దాచడానికి ఇంకొకటి కొన్నవాళ్లు కోకొల్లలు. అందరూ దాచారు, అందుకే ఈ రోజు ఎవరి దగ్గరా దానికి ధర లేదు. 1996 చివరికి మార్వెల్ సంస్థే దివాలా పిటిషన్ వేసింది. తొలినాటి పుస్తకాలు అరుదైనది పిల్లలు వాటిని కరువుతీరా వాడుకున్నందువల్లే. వాడకాన్ని లోపంగా లెక్కకట్టేవాళ్లు అరుదుతనానికి మూలాన్నే లోపం అంటున్నారు.

పెట్టుబడికి కొనేవాళ్లతో నాకు పేచీ లేదు. వాళ్లకు స్లాబ్ కావాలి, ఉండనివ్వండి. పుస్తకం మీద ప్రేమతో మొదలుపెట్టేవాళ్లను మాత్రం నేను చిన్న గ్రేడుల వైపే రమ్మంటాను. 0.5, 1.0, 1.8. అట్ట లేనివి, మరమ్మతు ముద్ర పడినవి. వీటిని ధరల పట్టిక చివరికి నెట్టేశారు కాబట్టే మామూలు మనుషులకు ఇంకా అందుబాటులో ఉన్నాయి. డిజిటల్‌గా స్కాను చేసి ఉంచిన కాపీహక్కులు తీరిన కామిక్స్‌కు కూడా చాలావరకు ఆధారం ఇలాంటి ప్రతులే. వెన్ను విప్పి గాజుమీద పరచడానికి 9.4 ప్రతిని ఎవరిస్తారు? చిరిగినదాన్ని ఇచ్చినవాళ్ల పుణ్యాన ఎన్నో మరుగునపడిన కథలు బతికి బట్టకట్టాయి.

కొనేటప్పుడు అట్ట ఫొటో ఒక్కటే చూసి మురిసిపోవద్దు. మధ్య పేజీ పిన్నుల దగ్గర ఎలా ఉందో ఫొటో అడగండి. పేజీలన్నీ ఉన్నాయో లేదో లెక్కపెట్టి చెప్పమనండి. లోపలి అంచు రంగు చూడండి. గోధుమరంగు ఫరవాలేదు, ముట్టుకుంటే పొడి రాలితే మాత్రం వద్దు, అది మీ చేతుల్లోనే అయిపోతుంది. సెల్లోటేపు వేసి ఉంటే పీకకండి, అచ్చు ఊడివస్తుంది. ఇంటికి వచ్చాక మైలార్ అనే పారదర్శక ప్లాస్టిక్ కవరులో, ఆమ్లం లేని అట్ట వెనక పెట్టి, ఎండ తగలని చల్లని చోట నిలబెట్టండి. తర్వాత బయటికి తీయండి. చేతులు కడుక్కుని తుడుచుకుని, బల్లమీద పెట్టి, పూర్తిగా విరిచి పరచకుండా సగం తెరిచి, మొదటి పేజీ నుంచి చదవండి. పేరు రాసి ఉంటే చెరపవద్దు. అమ్మేవాళ్లు దాన్ని లోపం కింద రాసి ధర తగ్గిస్తే సంతోషంగా తీసుకోండి.